భూమి రికార్డుకు తాళం ఎవరి చేతిలో? తెరిచిన వారి పేరు రాసి ఉంటోందా?

వడ్లు కోసి, ఆరబోసి, కాంటా అయ్యే దాకా కల్లం కాడ రాత్రింబవళ్లు కాపలా ఉంటాం. బోరు స్టార్టరు డబ్బాకు తాళం వేస్తాం. ఎడ్ల కొట్టానికి గొళ్లెం పెడతాం. కాని ఆ భూమి మనదే అని చెప్పే రికార్డుకు కాపలా ఎవరు, దాని తాళం ఎవరి దగ్గర ఉంది అన్నది మనలో చాలా మంది ఆలోచించరు. పాసు బుక్కు సందుగలో ఉంది కదా, ఇక భయమేముంది అనుకుంటారు. ఇప్పుడు అసలు రికార్డు సందుగలో లేదు, తహసీల్దారు ఆఫీసు బీరువాలోనూ లేదు. కంప్యూటర్లో ఉంది. ఆ కంప్యూటరు కూడా నస్రుల్లాబాద్‌లో లేదు.

పంట రుణం, రైతు భరోసా, రైతు బీమా, పీఎం కిసాన్ డబ్బులు అన్నీ ఆ రికార్డును చూసే వస్తాయి. అందులో ఒక్క అంకె మారితే రెండెకరాల రైతు ఒక్క ఎకరం రైతు అవుతాడు. పేరు మారితే అసలు రైతే కాకుండా పోతాడు. అందుకే ఆ రికార్డును ఎవరు తెరవగలరు, ఎవరు మార్చగలరు, మార్చినప్పుడు ఆ సంగతి ఎక్కడ రాసి ఉంటుంది అన్న మూడు విషయాలు ప్రతి రైతూ తెలుసుకోవాలి.

బీరువా నుంచి కంప్యూటర్‌కు

మన తెలంగాణ ప్రాంతంలో సేత్వార్, 1954-55 కాస్రా పహాణీ, ఆ తర్వాత ఏటేటా రాసిన పహాణీలు భూమి రికార్డుకు మూలం. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యే దాకా పహాణీ పట్వారీ చేతిలో ఉండేది. అందులో మోసం జరగలేదని ఎవరూ అనలేరు. అయినా కాగితానికి ఒక గుణం ఉంది. కొట్టివేసి రాస్తే కొట్టివేత కనబడుతుంది. సిరా రంగు మారుతుంది, చేతి రాత మారుతుంది. కొట్టివేసిన చోట సంతకం, తేదీ లేకపోతే అది అనుమానపు రాత అని చదువుకున్న వాడెవడైనా పట్టుకునేవాడు.

2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. వీఆర్వో పోస్టులు అదే ఏడాది రద్దయ్యాయి. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను, పట్టా మార్పిడి రెండూ తహసీల్దారు ఆఫీసులోనే ఒకేసారి జరిగే పద్ధతి వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. దానిని ముందుగా ప్రయోగాత్మకంగా చేపట్టిన నాలుగు మండలాల్లో మన కామారెడ్డి జిల్లా లింగంపేట ఒకటి. ఆ ఏడాది జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చారు.

పేరు ధరణి అయినా భూభారతి అయినా రికార్డు ఉండేది కంప్యూటర్లోనే. కంప్యూటర్లో కొట్టివేత కనబడదు. పాత పేరు తీసి కొత్త పేరు పెడితే, ముందు నుంచీ అదే పేరు ఉన్నట్లు తెర మీద కనిపిస్తుంది. కాబట్టి కాగితం దానంతటదే చేసే పనిని కంప్యూటరు చేత పనిగట్టుకుని చేయించాలి.

క్లౌడ్ అంటే ఏమిటి?

క్లౌడ్ అనే మాట ఈ మధ్య అందరి నోటా వినబడుతోంది. మబ్బు అని అర్థం. కాని అది ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేలాది కంప్యూటర్లు వరుసగా పెట్టి, చల్లబరిచే యంత్రాలతో, ఎప్పుడూ కరెంటు పోకుండా నడుపుతారు. ఆఫీసులన్నీ తీగల ద్వారా ఆ కంప్యూటర్లలోని సమాచారాన్ని వాడుకుంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్‌ఐసీ, 2014లో 'మేఘరాజ్' పేరుతో ప్రభుత్వ శాఖల కోసం ఇలాంటి క్లౌడ్ మొదలు పెట్టింది. ఎన్‌ఐసీకి ఉన్న పెద్ద డేటా సెంటర్లలో ఒకటి హైదరాబాద్‌లో ఉంది.

నిజాంసాగర్ ఆయకట్టు రైతులకు ఇది తేలికగా అర్థమవుతుంది. ప్రతి రైతూ పొలంలో చెరువు తవ్వుకోడు. నీళ్లన్నీ ఒక్క చోట నిలువ ఉంటాయి. కాలువ, డిస్ట్రిబ్యూటరీ, తూము దాటి మడికి వస్తాయి. లాభం ఉంది, కాని ఒక చిక్కు కూడా ఉంది. పై తూము తాళం ఎవరి చేతిలో ఉందో కింది రైతు పంట వాని చేతిలో ఉంటుంది. క్లౌడ్‌లోని రికార్డు సంగతీ అంతే.

తాళం చెవి, రిజిస్టరు: రెండూ కావాలి

కాలువ మీద రెండు ఏర్పాట్లు ఉంటాయి. మొదటిది తాళం. షట్టరు ఎవరు పడితే వారు ఎత్తరాదు, లస్కరు మాత్రమే ఎత్తాలి. రెండవది రిజిస్టరు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఎంత ఎత్తారో రాయాలి. తాళం ఉండి రిజిస్టరు లేకపోతే, లస్కరే రాత్రి పూట ఎత్తినా అడిగే దిక్కు లేదు. రిజిస్టరు ఉండి తాళం లేకపోతే, ఎత్తిన వాడు రాయడు.

కంప్యూటరు రికార్డుకు కూడా ఈ రెండే. ఎవరికి ఎంత వరకు తెరిచే అధికారం ఇవ్వాలో తేల్చడం మొదటిది. తెరిచిన ప్రతిసారీ ఆ సంగతి దానంతటదే నమోదు కావడం, ఆ నమోదును మరొకరు చదివి తప్పు పట్టడం రెండవది. కంప్యూటరు వాళ్లు ఈ నమోదును 'లాగ్' అంటారు, చదివి తేల్చడాన్ని 'ఆడిట్' అంటారు. సింగిల్ విండో సొసైటీ లెక్కలకు ఆడిట్ ఉన్నట్లే రికార్డు మార్పులకూ ఆడిట్ ఉండాలి.

నాలుగు రకాల చేతులు

భూమి రికార్డు దగ్గరికి చేరే చేతులు నాలుగు రకాలు.

ఒకటి, చూసే చేతులు. మీరు, మేము, బ్యాంకు వారు, కొనే వారు. వీరు చూడగలరు, మార్చలేరు.

రెండు, రాసే చేతులు. దరఖాస్తు వివరాలు ఎక్కించే మీ సేవ వారు, ఆఫీసులోని కంప్యూటరు ఆపరేటరు.

మూడు, ఆమోదించే చేతులు. తహసీల్దారు, ఆర్డీవో, అదనపు కలెక్టరు, కలెక్టరు. వేలిముద్ర, డిజిటల్ సంతకం వీరివి. వీరు ఒప్పుకుంటేనే మార్పు అమలవుతుంది.

నాలుగు, వెనుక నుంచి పని చేసే చేతులు. కంప్యూటరు వ్యవస్థను నడిపే సాంకేతిక సిబ్బంది. వీరు ముందు తలుపు గుండా రానవసరం లేదు. సరిగా కట్టడి లేకపోతే దరఖాస్తు, సంతకం ఏదీ లేకుండానే నేరుగా పేరు మార్చగల స్థితిలో ఉంటారు.

మామూలుగా మన అనుమానమంతా రెండవ, మూడవ చేతుల మీదే ఉంటుంది. నాలుగవ చేయి మనకు కనబడదు. అందుకే దాని మీద కట్టడి అన్నిటికన్నా గట్టిగా ఉండాలి.

మంచి ఏర్పాటుకు గుర్తులు

ఎవరి పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలి. నస్రుల్లాబాద్ తహసీల్దారుకు నస్రుల్లాబాద్ మండలం రికార్డు చాలు, బాన్సువాడ రికార్డుతో పని లేదు.

రాసే వారు, ఆమోదించే వారు ఒక్కరే కాకూడదు. సొసైటీ చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఎందుకు పెట్టిస్తారో ఇక్కడా అందుకే.

ఒకరి తాళం మరొకరు వాడరాదు. అధికారి డిజిటల్ సంతకం ఉండే డాంగిల్ ఆపరేటరు టేబుల్ సొరుగులో ఉంటే ఆ సంతకానికి విలువ లేదు. ఒకరి పాస్‌వర్డు, డిజిటల్ సంతకం మరొకరు మోసంతో వాడితే ఐటీ చట్టం 66-సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

అధికారి బదిలీ అయిన రోజే ఆయన తాళం చెల్లకుండా పోవాలి. ఊరు విడిచిన పాలేరు దగ్గర ఇంటి తాళం చెవి ఎవరమైనా ఉంచుతామా?

రిజిస్టరు, తాళం ఒక్కరి దగ్గరే ఉండరాదు. లస్కరు రిజిస్టరు లస్కరు ఇంట్లోనే ఉంటే పేజీ చింపడం ఎంత సేపు? లాగ్ కూడా వ్యవస్థను నడిపే వారు చెరపలేని వేరే చోట, వేరే వారి అధీనంలో నిలువ ఉండాలి.

చివరిది, రిజిస్టరును ఎవరైనా చదవాలి. అర్ధరాత్రి జరిగిన మార్పులు, సెలవు రోజు మార్పులు, ఒకే రోజున లెక్కకు మించిన మార్పులు వెంటనే కంటబడాలి. చదవని రిజిస్టరు ఉన్నా లేనట్లే.

చిత్తూరు జిల్లాలో ఏం జరిగింది?

చదవని రిజిస్టరు ఎంత నష్టం తెస్తుందో ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా కేసు చెబుతుంది. అక్కడి భూమి రికార్డుల కంప్యూటరు వ్యవస్థ పేరు వెబ్‌ల్యాండ్. 13 మండలాల్లోని 18 గ్రామాల్లో 2,320 ఎకరాల ప్రభుత్వ భూమిని ఒక విశ్రాంత గ్రామ రెవెన్యూ అధికారి కుటుంబం పేర్ల మీద అందులోకి ఎక్కించారని సీఐడీ అభియోగం. 2021 అక్టోబరులో అరెస్టులు చేసింది. ఈ పేర్లు 2009 జూలైలో ఒకే రోజున వరుసగా ఎక్కాయని దర్యాప్తులో చెప్పారు.

ఇందులో గమనించవలసింది ఏమిటి? 13 మండలాల రికార్డు ఒక్క రోజులో మారింది. అంటే ఒక్క మండలం మీదే పని ఉన్న వ్యక్తికి అన్ని మండలాల తలుపులూ తెరుచుకున్నాయి. ఇది తాళం లోపం. ఒక్క రోజులో అంత భూమి మారినా అది బయటపడి కేసు అయ్యేసరికి పదేళ్లు దాటింది. తేదీ కంప్యూటర్లో ఉంది, చదివిన వారు లేరు. ఇది ఆడిట్ లోపం. తాళంలో లోపం ఒక్క రోజుదే, ఆడిట్ లోపం మాత్రం పదేళ్లకు పైగా సాగింది.

చూసే చేతులతోనూ ప్రమాదం ఉంది

మార్చలేని వారు, ఊరికే చూసే వారు ఏం చేయగలరు అని అనుకోవద్దు. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో భూమి దస్తావేజులు ఎవరైనా దింపుకునే వీలుండేది. ఆ దస్తావేజుల మీద రైతుల వేలిముద్రలు, ఆధార్ నంబర్లు ఉన్నాయి. ఆ ముద్రలను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో రబ్బరు మీద దించి, వేల సంఖ్యలో సిమ్ కార్డులు తెరిచాడని కేసు. ఒక్క చోటు నుంచే లెక్కకు మించి వేలిముద్రల ధ్రువీకరణలు రావడంతో అనుమానం పుట్టింది. అంటే అక్కడ లాగ్‌ను చదివిన వారున్నారు, కాబట్టి దొరికాడు.

పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, బొటన వేలు పోతే మార్చుకోలేం. అందుకే వేలిముద్ర ఉన్న కాగితం ఎవరికి పడితే వారికి కనబడకుండా ఉంచడం కూడా తాళం వేయడంలో భాగమే.

మన రాష్ట్రంలో వచ్చిన మార్పులు

ధరణి మొదలైనప్పుడు రికార్డు సవరించే అధికారం చాలా వరకు కలెక్టరుకే ఉండేది. తాళం గట్టిగా ఉండాలన్నది ఉద్దేశం. కాని చిన్న అక్షరం తప్పు దిద్దించుకోవడానికి కూడా నస్రుల్లాబాద్ రైతు కామారెడ్డి దాకా తిరగవలసి వచ్చింది. తాళం మరీ బిగిస్తే అసలు యజమానే బయట నిలబడతాడు. ఇదీ ఒక లోపమే. ధరణి లోపాల మీద 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఐదుగురితో కమిటీ వేసింది. అదే ఏడాది ఫిబ్రవరి నెలాఖరులో సవరణ అధికారాలను తహసీల్దారు, ఆర్డీవో, అదనపు కలెక్టరు, కలెక్టరు మధ్య తప్పు రకాన్ని బట్టి పంచింది.

ధరణి వ్యవస్థను మొదట ఒక ప్రైవేటు సంస్థ నడిపేది. 2024 డిసెంబరు నుంచి ఆ పని ఎన్‌ఐసీకి అప్పగించారు. ఇది నాలుగవ చేతిని మార్చడం. ధరణి కాలంలోని లావాదేవీల మీద ఫోరెన్సిక్ ఆడిట్ చేయిస్తామని కూడా ప్రభుత్వం ప్రకటించింది. ఫోరెన్సిక్ ఆడిట్ అంటే పోలీసు కుక్క వాసన పట్టినట్లు లాగ్‌లను పట్టుకుని వెనక్కి పోవడం. ఏ మార్పు ఏ కంప్యూటరు నుంచి జరిగింది, ఏ లాగిన్‌తో జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది, దానికి దరఖాస్తు ఉందా, ఉత్తర్వు ఉందా అని ఒక్కొక్కటీ సరి చూస్తారు.

భూభారతి చట్టంలో రైతుకు పనికొచ్చే అంశాలు కొన్ని ఉన్నాయి. విరాసత్ కేసుల్లో వారసులకు నోటీసు ఇచ్చి విచారణ చేసిన తర్వాతే పట్టా మార్చాలి. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే పై అధికారికి అప్పీలు చేసుకునే వీలు కల్పించారు. ఊరి రెవెన్యూ లెక్కలు ఏటా నిర్వహించి భద్రపరిచే పద్ధతి మళ్లీ వచ్చింది. ఇలా బయట ఉంచిన నకలు చాలా విలువైనది. కంప్యూటర్లో ఎవరైనా మార్చినా నకలుతో పోల్చితే తేడా తెలుస్తుంది.

లాగ్ ఎన్నాళ్లు ఉంటుంది?

ఫిర్యాదు ఎప్పుడైనా చేయొచ్చులే, పంట పని అయినాక చూద్దాం అని చాలా మంది ఊరుకుంటారు. ఇది మంచిది కాదు. రికార్డులో మార్పు చేసిన ఉత్తర్వు ఆఫీసులో ఉంటుంది. కాని ఆ రోజు ఎవరు లాగిన్ అయ్యారు, ఏ కంప్యూటరు నుంచి అయ్యారు అన్న లాగ్‌లు ఎల్లకాలం ఉంటాయన్న హామీ లేదు. దేశంలో కంప్యూటర్ల భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రభుత్వ సంస్థలతో సహా అందరూ లాగ్‌లను 180 రోజుల పాటు దేశంలోనే భద్రపరచాలి. 2025 నవంబరులో వెలువడిన వ్యక్తిగత సమాచార రక్షణ నియమాలు కనీసం ఏడాది ఉంచాలని చెబుతున్నాయి. అయితే ఆ భాగం అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

ఈ లెక్క చూస్తే, తప్పు కనబడిన ఆరు నెలల లోపే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం మేలు. ఫిర్యాదులోనే 'ఈ మార్పుకు సంబంధించిన లాగ్‌లను విచారణ ముగిసే వరకు భద్రపరచవలెను' అని ఒక్క వాక్యం రాయాలి. ఆ తర్వాత లాగ్ పోయిందని ఎవరైనా అంటే, భద్రపరచమని ఫలానా తేదీన అడిగానని చూపడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

1. వానాకాలం నాట్లకు ముందు ఒకసారి, యాసంగికి ముందు ఒకసారి, ఏడాదికి రెండు మార్లు మీ సర్వే నంబరు రికార్డు చూసుకోండి. భూభారతి వెబ్‌సైటులో జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు ఇచ్చి చూడవచ్చు. ఫోను రాకపోతే చదువుకున్న పిల్లల చేత గాని, మీ సేవలో గాని చూపించుకోండి.

2. చూసినప్పుడు పేరు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. తండ్రి పేరు, ఖాతా నంబరు, ఎకరాలు, గుంటలు, భూమి రకం, నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నవి కూడా చూడాలి.

3. చూసిన పేజీని తేదీతో సహా ప్రింటు తీసి పాసు బుక్కుతో పాటు దాచండి. ఏటా ఒక ప్రింటు ఉంటే మార్పు ఏ ఏడాదిలో జరిగిందో తేలికగా తేలుతుంది. మీరు సొంతంగా చేసుకునే ఆడిట్ ఇదే.

4. ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల వివరం కూడా చూసుకోండి. మీకు తెలియని అమ్మకం, తాకట్టు ఉంటే వెంటనే అడగండి.

5. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు అని, వ్యవసాయ ఆఫీసు అని, రైతు భరోసా అని ఎవరు అడిగినా చెప్పకండి. ఓటీపీ చెప్పడం అంటే తాళం చెవి చేతికివ్వడమే.

6. ఆధార్‌కు మీ చేతిలో ఉన్న ఫోను నంబరే ఉండాలి. కొడుకు పాత నంబరో, పని చేయని నంబరో ఉంటే మార్పించండి.

7. వేలిముద్ర ఎందుకు వేయించుకుంటున్నారో అడిగి తెలుసుకున్న తర్వాతే వేలు పెట్టండి. 'మళ్లీ పెట్టు, పడలేదు' అంటే, పడలేదని తెర మీద చూపించమని అడగడం మీ హక్కు.

8. ఆధార్ వేలిముద్రకు కూడా తాళం వేసుకోవచ్చు. ఎమ్ ఆధార్ యాప్‌లో గాని, ఆధార్ వెబ్‌సైటులో గాని బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. రేషను, పింఛను, రిజిస్ట్రేషనుకు వెళ్లేటప్పుడు తెరుచుకోవాలి. సందేహం ఉంటే 1947 నంబరుకు ఫోను చేయండి.

9. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో అదే యాప్‌లో చూడవచ్చు. మీరు పోని చోట వేలిముద్ర పడినట్లు ఉంటే వెంటనే ఫిర్యాదు చేయండి. బ్యాంకు డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ఎస్తోనియా అనే చిన్న యూరప్ దేశంలో ప్రజల వివరాలను ఏ ఆఫీసు ఎప్పుడు చూసిందో పౌరులు తామే ఇంటి నుంచి చూసుకునే ఏర్పాటు ఉంది. ఆధార్ విషయంలో మనకూ కొంత వరకు ఆ వీలు ఉన్నట్లే. భూమి రికార్డుకు కూడా ఇలాంటి ఏర్పాటు కావాలని రెవెన్యూ సదస్సుల్లో, గ్రామ సభల్లో రైతులు అడగాలి.

సమాచార హక్కు దరఖాస్తు ఇలా రాయండి

మీ రికార్డు మీకు తెలియకుండా మారిందని అనుమానం వస్తే నోటితో అడిగి తిరిగి రావద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద రాసి ఇవ్వండి. మండలం ఆఫీసులో రుసుము 5 రూపాయలు. తెల్ల కార్డు వారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. నమూనా ఇది:

'ప్రజా సమాచార అధికారి గారికి, తహసీల్దారు కార్యాలయం, నస్రుల్లాబాద్ మండలం, కామారెడ్డి జిల్లా.

అయ్యా, ... గ్రామం సర్వే నం. ...లో నా పేరున గల ... ఎకరాలు ... గుంటల భూమికి సంబంధించి ... తేదీ నుంచి ... తేదీ వరకు రికార్డులో జరిగిన మార్పులన్నింటి వివరాలు కోరుచున్నాను. ప్రతి మార్పుకు: (1) మార్పు జరిగిన తేదీ, సమయం (2) ఏ దరఖాస్తు నంబరు మీద జరిగింది (3) ఏ హోదా గల అధికారి లాగిన్ ద్వారా ఆమోదం పొందింది (4) ఉత్తర్వు నకలు (5) ఇచ్చిన నోటీసు నకలు. ఈ వివరాలు వేరే కార్యాలయంలో ఉన్నచో నా దరఖాస్తును అక్కడికి బదిలీ చేయగలరు.'

సంతకం, చిరునామా, తేదీ రాసి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోయినా, సరిగా లేకపోయినా 30 రోజుల లోపు అదే శాఖలోని పై అధికారికి అప్పీలు చేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల లోపు రాష్ట్ర సమాచార కమిషనుకు వెళ్లవచ్చు.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: పాసు బుక్కు నా దగ్గరే ఉంది. కంప్యూటర్లో ఎవరు ఏం మార్చినా నాకేం నష్టం?

జవాబు: నష్టం ఉంది. బ్యాంకు వారు, వ్యవసాయ శాఖ వారు కంప్యూటర్లో ఉన్నదే చూస్తారు. పాసు బుక్కు మీ వాదనకు సాక్ష్యంగా పనికొస్తుంది, కాని రికార్డు దిద్దించుకునే దాకా డబ్బులు ఆగవచ్చు. అందుకే ముందే చూసుకోవాలి.

ప్రశ్న: రికార్డును అందరూ చూసేలా ఉంచడమే తప్పు కదా? మూసేస్తే సరిపోదా?

జవాబు: పూర్తిగా మూసేస్తే దొంగకే మేలు. నలుగురు చూస్తుంటేనే తప్పు బయటపడుతుంది. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం అందరికీ కనబడాలి. వేలిముద్ర, ఆధార్ నంబరు, ఫోను నంబరు కనబడకూడదు. ఏది తెరవాలి, ఏది మూయాలి అన్న తేడా తెలిసి చేయడమే అసలు కట్టడి.

ప్రశ్న: కంప్యూటరు తప్పు, మా చేతిలో ఏమీ లేదు అని ఆఫీసులో అంటే?

జవాబు: కంప్యూటరు తనంతట తాను పేరు మార్చదు. ఎవరో ఒకరి లాగిన్ మీదనే మారుతుంది. ఏ లాగిన్ అని రాతపూర్వకంగా అడగండి. సాంకేతిక లోపం అని చెబితే ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మనండి. కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజావాణిలో కూడా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.

ప్రశ్న: మా సొసైటీ లెక్కలు కూడా కంప్యూటర్లోకి పోయాయి. అక్కడా ఇదే భయమా?

జవాబు: దేశంలోని 63 వేల ప్రాథమిక సహకార సంఘాలను ఒకే కంప్యూటరు వ్యవస్థలోకి తెచ్చే పథకానికి కేంద్రం 2022 జూన్‌లో ఒప్పుకుంది. మీ రుణం లెక్క, వడ్డీ లెక్క కూడా క్లౌడ్‌లోకి చేరుతున్నాయి. మహాజన సభలో మూడు ప్రశ్నలు అడగండి. లెక్క ఎవరు రాస్తారు? ఎవరు ఆమోదిస్తారు? మార్పుల నమోదును ఆడిటరుకు చూపిస్తున్నారా?

ప్రశ్న: నాకు చదువు రాదు. నేను ఏం చేయాలి?

జవాబు: మీ సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు నోటికి గుర్తుంచుకోండి. నమ్మకమైన వారితో ఏడాదికి రెండు మార్లు చదివించుకోండి. చదివే వారికి ముందుగా మీ లెక్క చెప్పకండి. వారు చదివిన తర్వాత మీ గుర్తుతో పోల్చుకోండి. తేడా వస్తే ఆ రోజే ఆఫీసుకు వెళ్లండి.

రికార్డు దూరపు కంప్యూటర్లో ఉన్నా దానిని చూసే హక్కు, ఎవరు మార్చారని అడిగే హక్కు మీ చేతిలోనే ఉన్నాయి. ఈ యాసంగి నాట్లు వేసే లోపే ఒకసారి మీ సర్వే నంబరు తీసి చూసి, ప్రింటు మీద తేదీ వేసి దాచుకోండి.